రోజ్మీ టీచరమ్మ అడిగిన మాట

రోజ్మీకి ఎవరినీ ఏదీ అడగడం చేతకాదని మా మోర్న్ కాబ్రి కొండ మీద అందరికీ తెలుసు. ఇంట్లో ఉప్పు నిండుకుంటే చప్పిడి తినేది కానీ పక్కింటికి గిన్నె పంపేది కాదు. నేను ఆమెకి ఎదురింటిదాన్ని, కాఫీ కాచి అమ్ముకునేదాన్ని. నా కూతురి బాప్తిస్మం నాడు జ్ఞానతల్లిగా నిలబడింది ఆమే. అప్పట్నుంచి ఒకరినొకరం ‘కోమే’ అని పిలుచుకుంటాం. మా దగ్గర ఆ వరస అక్కచెల్లెళ్ళ కంటే ఒక మెట్టు పైన. ఆ చనువుతోనే ఎన్నోసార్లు తిట్టాను, “నోరు దేవుడెందుకిచ్చాడే నీకు, పిల్లలకి ఎక్కాలు చెప్పడానికేనా?” అని. నవ్వేసి ఊరుకునేది.

ఆ మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. చిన్నప్పుడు వాళ్ళమ్మ నాలుగక్షరాలు వస్తాయని ఆశపడి ఆమెను పట్నంలో ఒకరింట్లో అప్పగించింది. చదువు మాట దేవుడెరుగు, తెల్లారితే నీళ్ళు మోయడం, పొద్దుగూకితే అంట్లు తోమడం. అన్నం కావాలన్నా అడగాలి, సబ్బు ముక్క కావాలన్నా అడగాలి, పడుకోవడానికి గోనెపట్టా కావాలన్నా అడగాలి. అడిగినప్పుడల్లా ఆ ఇంటావిడ “ఏమన్నావ్? వినబళ్ళేదు, మళ్ళీ అను” అనేదట. ఆ మహాతల్లికి చెవుడేమీ లేదు. ఆ ఇంటి పిల్లలు పాఠాలు చదువుతుంటే రోజ్మీ తలుపు పక్కన నిలబడి విని విని అక్షరాలు నేర్చుకుంది. వయసొచ్చాక నడిచి కొండెక్కి ఇంటికొచ్చి, ఊళ్ళో పిల్లల్ని పోగుచేసి బడి పెట్టింది. ఇక ఈ జన్మలో ఎవరి ముందూ చేయి చాచనని నాతోనే అంది.

బడికి మొదట్లో రేకుల కప్పు ఉండేది. తుఫాను ఒక్క రాత్రిలో దాన్ని ఎగరేసుకుపోయింది. మిగిలిన గుంజల మీద నీలం పట్టా కట్టుకున్నాం, అదీ చిరిగి పీలికలైంది. వానాకాలంలో మధ్యాహ్నం దాటిందంటే పాఠం ఆగిపోయినట్టే. తండ్రులు కూడా విసిగిపోయారు. “టీచరమ్మా, మళ్ళీ తుఫానుల నెలలొచ్చేలోపు కప్పు పడకపోతే మా పిల్లల్ని పొలానికి తోలుకుపోతాం. తడిసి జబ్బు పడితే మందులెవరు తెస్తారు?” అని మొహం మీదే చెప్పేశారు. రోజ్మీకి ఆ బడి తప్ప మొగుడూ లేడు, పిల్లలూ లేరు.

అలాంటి సమయంలో పాదిరిగారు కబురు తెచ్చారు. పరదేశం నుంచి సేవ చేసేవాళ్ళు కొందరు వస్తున్నారు. లారీలో రేకులున్నాయి కానీ ఒక్క బడికే సరిపోతాయి. ముందు మా ఊరు, తర్వాత గట్టు అవతల సవాన్ పిస్తాష్ ఊరి బడి చూసి, ఎవరికి ఎక్కువ అవసరమనిపిస్తే వాళ్ళకి దించేసి వెళ్ళిపోతారట.

ఇంకేం, ఊరంతా కోన్‌బీట్‌కి దిగింది. కోన్‌బీట్ అంటే మా ఊరి ఉమ్మడి చాకిరీ. డప్పు మోగింది, వాయిద్యం వెంట పాట అందుకున్నారు, అందరి చేతులూ ఒకే పనిలో పడ్డాయి. మగవాళ్ళు పచ్చని తాటాకులు కోసుకొచ్చి గుంజల మీద పందిరి అల్లారు. పాదిరిగారి గుడినుంచి తెల్ల దుప్పట్లు తెచ్చి పక్కలకు కట్టాం. ఆడవాళ్ళం బొగ్గుల ఇస్త్రీపెట్టెలు రాజేసి పిల్లల బట్టలు గీత చెదరకుండా ఇస్త్రీ చేశాం. రోజ్మీ నీలం పట్టా విప్పించి మడత పెట్టిస్తుంటే నేను అడ్డం వెళ్ళాను.

“కోమే, దాన్ని ఉండనీవే. వాళ్ళు చూడాల్సింది అదే కదా!”

“బాగుంది సంబడం! ఇంటికి చుట్టాలొస్తుంటే చిరుగు ఎదురుగా వేలాడదీస్తామా? నువ్వైతే మీ ఇంట్లో చేస్తావా?”

నేను మాత్రం చేస్తానా? పెళ్ళినాటి బల్లగుడ్డ పెట్టెలోంచి తీసి ఉతికి పట్టుకెళ్ళాను. మా కొండ మీద పుట్టినవాళ్ళెవరూ ఇంకోలా చేయరు.

వాళ్ళు పొద్దున్నే వచ్చారు. ముందు జీపు, వెనక లారీ. లారీ మీద కొత్త రేకులు ఎండకి ధగధగమంటూ చూడనివ్వలేదు. పిల్లలు రిబ్బన్లతో, తోమిన బూట్లతో వరసగా నిలబడి పాట పాడారు. వచ్చినవాళ్ళలో పెద్ద ఒక పొడుగాటావిడ, మంచి మనిషే, ప్రతి పిల్ల చేయీ పట్టుకుని పలకరించింది. ఆమె మాటలు మాకు, మా మాటలు ఆమెకు చెప్పడానికి విల్గెన్స్ అని పట్నం కుర్రాడు వెంట ఉన్నాడు.

మేక కూర, చిక్కుడు గింజల అన్నం, వేయించిన అరటికాయ, కారం కాబేజీ పచ్చడి పెట్టాం. వాళ్ళు తిన్నారు, పందిరి కింద ఫోటోలు తీసుకున్నారు, తాటాకుల అల్లిక చూసి ముచ్చటపడ్డారు. ఎంతసేపైనా రేకుల మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. అతిథి మన అన్నం తింటుండగా కోరిక చెప్పడం మా దగ్గర పరమ సిగ్గుచేటు. అతిథి ‘ఏం కావాలి’ అని తానే అడగాలి. ఆ సంగతి వాళ్ళకేం తెలుసు? నాకైతే ఒళ్ళు మండిపోతోంది. కొండ మీద మబ్బు కమ్ముతుంటే కురవవే, ఇప్పుడే కురిసి చావవే అని లోపల్లోపల మొక్కుకున్నాను. ఒక్క చుక్క రాలితే చాలు, ఆ ఆకుల పందిరి బతుకేమిటో వాళ్ళకే తెలిసేది. పాడు మబ్బు అక్కడే నిలబడింది.

చివరికి పొడుగాటావిడ లేచి గుండె మీద చేయి పెట్టుకుని ఏదో చెప్పింది. విల్గెన్స్ మాకు చెప్పాడు: “మీ బడి చాలా అందంగా ఉందంటున్నారు. గాలీ వెలుతురూ బాగున్నాయట, పిల్లలు ఆరోగ్యంగా, సంతోషంగా ఉన్నారట. కాబట్టి రేకులు సవాన్ పిస్తాష్‌కి తీసుకెళ్తారు. మీకు బంతులూ రంగులూ పంపిస్తారు.”

రోజ్మీ చిరునవ్వు నవ్వి “సంతోషం” అంది. నేను ఆమె చేయి గిల్లాను. “అడగవే! నీకు దణ్ణం పెడతాను, అడుగు!” నేనే అరుద్దామని నోరు తెరిస్తే నా కాలు తొక్కి ఆపింది. వాళ్ళు జీపెక్కారు. ఈసారి లారీ ముందు, పెద్ద రొదతో కదిలి దారి మలుపు వైపు తిరిగింది.

అప్పుడు పరుగెత్తింది రోజ్మీ. ఆదివారం గౌను రెండు చేతులా పైకెత్తిపట్టుకుని, జీపుని దాటి, లారీకి ఎదురుగా వెళ్ళి నిలబడింది. డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డాడు. జీపు దిగి పొడుగాటావిడా విల్గెన్సూ వచ్చారు. రోజ్మీ ఏదో అంది. ఇంజను మోతలో, వెనకే పరుగెత్తిన నాకే వినబళ్ళేదు.

విల్గెన్స్ చెవి దగ్గర చేయి పెట్టుకున్నాడు. “ఏమన్నావమ్మా? వినబళ్ళేదు, మళ్ళీ చెప్పు.”

రోజ్మీ మొహం పాలిపోయింది. ఇక అయిపోయింది, వెనక్కి తిరిగి వచ్చేస్తుందనుకున్నాను. ఆమె ఆ ఇనుప బంపరు మీద చేయి ఆనించి, బడి పిల్లలందరికీ వినబడేలా అంది: “ఆ రేకులు మా పిల్లలకి ఇవ్వండి.”

విల్గెన్స్ ఆ మాట చెప్పాడు. పొడుగాటావిడ తెల్లబోయి పందిరి వైపు చూసింది. ‘కానీ అంతా బాగానే ఉంది కదా’ అందట.

“పిల్లలూ,” అని పిలిచింది రోజ్మీ, “వానొచ్చింది.”

పిల్లలు ఆకాశం వైపు చూశారు, టీచరమ్మ వైపు చూశారు, తళతళలాడే తమ బట్టలు చూసుకున్నారు. మట్టి అంటితే వీపు చీరేస్తానని పొద్దున్నే చెప్పింది మరి. “వానొచ్చిందన్నాను!” అని గద్దించింది. అంతే, వానొచ్చినప్పుడల్లా చేసేదే చేశారు. చిన్నవాళ్ళు పుస్తకాలు పొట్ట కింద పెట్టుకుని నేల మీద బోర్లా పడుకున్నారు. పెద్దవాళ్ళు వాళ్ళ మీద వంగి వీపులు గొడుగుల్లా పట్టారు. తెల్ల రిబ్బన్లన్నీ దుమ్ములో పడ్డాయి. నేను ఏడ్చేశాను, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

పొడుగాటావిడ ఇంకేమీ అడగలేదు. డ్రైవరుకి చేయి ఊపింది. రేకులు దిగుతుంటే మగవాళ్ళు ఈలలేశారు. రోజ్మీ మాత్రం విల్గెన్స్ దగ్గరకెళ్ళి మెల్లగా అడిగింది. “మరి సవాన్ పిస్తాష్?”

“ఇంకో లారీ లేదమ్మా. ఇక అటు వెళ్ళి ఏం చేస్తాం? ఇటే కొండ దిగిపోతాం.”

ఆమె ఒక్క రేకునీ ఆపమనలేదు. ఆ రాత్రి వాన దంచింది. తెల్లారేసరికి ఆమె నా వాకిట్లో ఉంది.

“కోమే, గట్టు దాటాలి. తోడు రా.”

“దేనికే? కబురు పంపితే చాలదూ? నా మోకాళ్ళు చూశావా?”

“తీసుకున్నది నేను. చెప్పాల్సిందీ నేనే.”

తిట్టుకుంటూనే వెళ్ళాను. సవాన్ పిస్తాష్ బడి మెలిదోర్ మాస్టారిది, పెళ్ళాం పోయిన మనిషి, సాధు స్వభావం. మా కొండల్లో పరాయి వాకిట నిలబడి ‘గౌరవం’ అని కేకెయ్యాలి. లోపలినుంచి ‘మర్యాద’ అని జవాబొస్తేనే అడుగు పెట్టాలి. రోజ్మీ కేకేసింది. జవాబు రావడానికి చాలాసేపు పట్టింది, కానీ వచ్చింది.

వాకిలి అద్దంలా ఊడ్చి ఉంది. బడి గుంజల మీద తాటాకు పందిరి, పక్కలకు తడిసిన తెల్ల దుప్పట్లు. అచ్చం మాలాగే. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, గిన్నెల్లో మేక కూర వడ్డించి తెచ్చాడు. అది ఎవరికోసం వండిందో ముగ్గురికీ తెలుసు. నాకు ముద్ద దిగలేదు. రోజ్మీ తల వంచుకుని ఆఖరి ముక్క దాకా తింది. తిన్నాక జరిగిందంతా దాచకుండా చెప్పింది.

మాస్టారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తన వేళ్ళ వైపు చూసుకుంటూ అన్నాడు: “నిన్న సాయంత్రం దాకా పిల్లల్ని నిలబెట్టే ఉంచాను టీచరమ్మా. పోనీలే. ఇంకెప్పుడో ఎవరో ఒకరు రాకపోరు. నువ్వు ఎలా అడిగావో నాకూ చెప్పు. ఏ మాటలన్నావు?”

“‘ఆ రేకులు మా పిల్లలకి ఇవ్వండి’ అన్నాను మాస్టారూ.”

“అంతేనా?”

“అంతే. మీరూ అనండి.”

ఆయన నవ్వబోయి ఆగాడు. లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు. “ఆ రేకులు...” అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. “ఆ రేకులు మా...” ఆ పైన మాట రాలేదు. జుట్టు నెరిసిన మనిషి, చెవులదాకా ఎర్రబడి నిలబడ్డాడు.

“నెమ్మదిగా మాస్టారూ,” అంది రోజ్మీ. “తొందరేం లేదు.”

నేనిక అక్కడ కూర్చోలేక, గిన్నెలు తీసుకుని కడగడానికి పెరట్లోకి వెళ్ళాను.