భుజానికి అడ్మిషన్

మొబైల్ టవర్ల కంపెనీలో నా ఉద్యోగం చర్ల వైపు. టవరెక్కి పైనున్న యాంటెన్నాలు సరిచేయాలి. వానకు గుంతలు పడ్డ దారిలో బైకు జారి కుడి భుజం మీద పడ్డాను. ఎముక విరగలేదు గాని, చెయ్యి భుజం ఎత్తు దాటి లేవడం మానేసింది. చెయ్యి తల పైకి ఎత్తి చూపిస్తే గాని మళ్లీ టవరెక్కనివ్వనని మేనేజర్ తేల్చేశాడు. ఎక్కలేనివాడికి మా దగ్గర వేరే పని లేదు.

చదివింది ఇంజనీరింగ్ కనక షరతులు మూడు రాసుకున్నాను: ఫిజియోథెరపిస్టు దగ్గరలో ఉండాలి, అర్హత ఉండాలి, కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్స్ కార్డు చెల్లాలి. ఫోన్‌లో మ్యాపు భద్రాచలంలో ఒకరిని చూపించింది. వెళ్తే అక్కడ మిర్చి బజ్జీల బండి ఉంది. డాక్టరు ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిపోయాడట.

"ఏన్కూరుల మావోడొకడు కట్టు కడ్తడు, చూయిస్తవా?" అన్నాడు బజ్జీలాయన.

విరిగితే కదా కట్టు. మొదటి షరతు కొట్టేసి ఖమ్మంలో ఓ ప్రైవేటు ఆస్పత్రికి ఫోన్ చేశాను.

"ఫిజియోథెరపీకి ఇన్సూరెన్స్ నడుస్తదా?"

"ఎందుకు నడ్వదు సార్. అడ్మిట్ గావాలె, అంతే."

"భుజానికి అడ్మిట్ ఏందండీ?"

"భుజం ఒక్కదాన్నే పంపలేరు గద సార్. మీరు గూడ రాండ్రి."

ఇన్సూరెన్స్ వాళ్లను అడిగితే వాళ్లదీ అదే మాట, కాస్త మర్యాదగా. మంచమెక్కితే రోగి, నడిచొస్తే కాదు. పాలసీ లెక్కన నా నొప్పి నిజం కావాలంటే నేను పడుకోవాలి.

లుంగీ, సబ్బు, చార్జరు సంచిలో పెట్టుకుని వెళ్లి పడుకున్నాను. నర్సు వస్తూనే కుడిచేతికి సూది గుచ్చి సెలైన్ ఎక్కించింది. ఇంత తతంగమూ ఎవరి కోసమో ఆ ఫిజియోథెరపిస్టు సాయంత్రం వచ్చింది. నా చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయింది.

"సిస్టర్, ఈయనకు సెలైన్ ఎందుకు?"

"అడ్మిట్ పేషెంట్ గద మేడం. ఏదో ఒకటి ఎక్కాలె."

"ఎడమ చేతికి పెట్టొచ్చు గద."

"ఎడమ దిక్కు గోడుంది మేడం. స్టాండ్ పట్టది."

కదిలించాల్సిన చేతిని కదలకుండా టేపు చుట్టి భద్రంగా కాపాడారు. మర్నాడూ సెలైనే. ఆవిడ ఫైల్లో 'వ్యాయామం వాయిదా' అని రాసి, గొంతు తగ్గించింది.

"తమ్మీ, నాకు ఇంటికాడ క్లినిక్ ఉంది. అక్కడ నీ కార్డు నడ్వదు. నొప్పి మస్తుంటది. వస్తవా?"

"చెయ్యి లేస్తదా మేడం?"

"ఏడ్వకుంట చేస్తే లేస్తది."

డిశ్చార్జి తీసుకున్నాను. మంచానికీ సెలైన్‌కీ క్లెయిము మంజూరైందని మెసేజ్ వచ్చింది. త్వరగా కోలుకోవాలని కూడా అందులో కోరారు.

ఖమ్మంలోనే గది కిరాయికి తీసుకుని రోజూ ఆవిడ క్లినిక్‌కు వెళ్లాను. తలుపు పైన కప్పీకి వేలాడే తాడును మంచి చేత్తో లాగుతుంటే చెడ్డ చెయ్యి పైకి లేవాలి. ఏడవకుండా చేశానని మాత్రం చెప్పలేను. చెయ్యి చెవి దాటి నిటారుగా లేచిన రోజున మేనేజర్‌కు వీడియో కాల్ చేసి చూపించాను.

"అవ్, కనబడ్డది. ఇగ దించు. రేపు చర్లకు పో, అక్కడ సిగ్నల్ పోయింది," అన్నాడు.

దించాను. ఎత్తేటప్పటి కంటే దించేటప్పుడే నొప్పి ఎక్కువ.