పక్క బకెట్టు

పొద్దున్నే ఎదురింట్లో ఎవరో చీరలకు గంజి పెడుతున్నారు. ఆ వెచ్చటి వాసన కిటికీలోంచి రాగానే, అరకు కాలేజీలో ఓ చిన్న గదిలో కర్రపెండలం పిండి ఉడకబెడుతున్న సుభద్ర మేడమ్ కళ్ళముందు మెదిలారు.

రెండువేల దశకం మొదట్లో ఆవిడ మాకు కెమిస్ట్రీ చెప్పేవారు. శ్రీకాకుళం వైపు మనిషి. నా డిగ్రీ అయ్యాక తన పరిశోధనలో సాయానికి పెట్టుకున్నారు. మాది డుంబ్రిగుడ దగ్గర కొండమీది ఊరు. నాన్నకు కాఫీ తోట ఉంది. కాఫీపండు తొక్క తీశాక గింజకు జిగురు అంటుకునే ఉంటుంది. దాన్ని కరిగించే ఎంజైము ఉంది గానీ, నీళ్ళలో కలిపితే ఒక్కసారికే కడుగునీళ్ళతో పోతుంది. పోకుండా పట్టి ఉంచే ఆధారం కావాలన్నది మేడమ్ ఆలోచన. పిండినీ ఒక పాలిమర్‌నీ ఎంజైముతో కలిపి సిరంజిలో పోసి, సూదికి ఎక్కువ వోల్టేజి ఇస్తే, ఆ ద్రావణం సన్నటి దారాలై ఎదుటి రేకు మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. ఆ నానో దారం పక్కన తల వెంట్రుక దూలమే.

వానాకాలమంతా తేమకు దారం రాక చుక్కలే పడ్డాయి. చలి మొదలయ్యాక పొర వచ్చింది. సంబరంగా నీళ్ళలో వేశాను. చూస్తుండగానే కరిగిపోయింది. నాకు ఏడుపొచ్చింది, మేడమ్‌కు నవ్వొచ్చింది.

"ఏటే గుంటా, పిండి నీళ్ళలో నిలుత్తాదేటి? బిగించాలి దాన్ని."

ఘాటైన రసాయనపు ఆవిరిలో ఉంచి బిగించాం. నిలిచింది. వెంటనే మా ఊరు తీసుకెళ్ళాం. నాన్న ఇచ్చిన గింజలను మేడమ్ రెండు బకెట్లలో పోయించి, ఒకదానిలోనే పొర వేశారు. మర్నాడు పొద్దున నాన్న ఆ బకెట్లో గింజలు నలిపి చూశాడు. గరగరలాడాయి.

"జిగురు పోనాది!" అన్నాడు. ఊరంతా చప్పట్లు. పరిశోధన చూడటానికి వచ్చిన ఆఫీసరు ఫోటో తీయబోయాడు.

"ఉండండి. పక్క బకెట్టు కూడా చూడండి" అన్నారు మేడమ్.

అందులోనూ గరగరలాడాయి. రాత్రంతా వాటంతటవే పులిసి జిగురు వదిలేశాయి.

"మా పొర చేసిందేమీ లేదు బాబూ. ఇది ఇంకా కాలేదు" అని నాన్నతో చెప్పారు.

కొండ దిగుతూ నేను ఉండబట్టలేకపోయాను. "ఆ రెండోది చూపించకపోతే ఏమయ్యేది మేడమ్? మావాళ్ళ ముందు పరువు పోయింది."

"వచ్చే ఏడు మీ నాన్న ఈ పొరను నమ్ముకుని పంట పాడుచేసుకుంటే, అప్పుడు ఏ మొహం పెట్టుకుని ఊళ్ళోకి వెళ్తావు?"

ఆవిరి ఎక్కువై ఎంజైము చచ్చిపోయిందని తరవాత తేలింది. దాన్ని సరిచేస్తుండగానే మేడమ్‌కు బదిలీ అయింది. ఆవిరి తగ్గించి నేనే కొత్త పొర చేసి, మరుసటి కాఫీ కాలంలో బెరుకుబెరుగ్గా ఒక్కదాన్నే ఊరెళ్ళాను. నాన్న అప్పటికే గింజలు తీసి ఉంచాడు.

"ఆయమ్మ కాలేదని మొహం మీదే సెప్పింది. అలా సెప్పినోలు మల్లీ వత్తారని తెలుసు" అన్నాడు.

ఆ సాయంత్రానికే, గింజలు పులవకముందే, పొర ఉన్న బకెట్లో జిగురు పోయింది. పక్కదానిలో గింజలు ఇంకా చేతిలో జారుతున్నాయి. అదే పొరను కడిగి కొత్త గింజల్లో వేస్తే మళ్ళీ పనిచేసింది. అరకు వచ్చి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాను.

"అయింది మేడమ్!"

"పక్కదో?"

"ఇంకా జిగురే."

"బేగి వచ్చేత్తాను. నేనూ చూడాలి గదే" అన్నారు.

మేడమ్ ఇప్పుడు లేరు. నేను ఎంజైములతోనే పనిచేస్తున్నాను. కొత్తదేదైనా పట్టుకుని ఊరెళ్తే, "అయిందా, కాలేదా?" అని మావాళ్ళు అడుగుతారు. చాలాసార్లు కాలేదనే చెబుతాను. తల దించుకోకుండా చెబుతాను. వాళ్ళు పక్కకు జరిగి, కూర్చోమని చోటిస్తారు.