నత్తి పోయిన మనిషి

ఆ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అసిస్టెంటుగా పనిచేసే ఆయన్ని సొంత పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. క్యాంపస్‌లోని క్రైస్తవ విద్యార్థి సహవాసం వాళ్ళందరికీ ఆయన ‘సాక్ష్యం అన్న’. వాళ్ళని చూసి ప్యూన్లు, క్యాంటీన్ వాళ్ళు కూడా అలాగే పిలవడం మొదలుపెట్టారు. ఆయనకి ఆ పిలుపు మీద పెద్ద మోజేమీ లేదు గానీ, దానివల్ల ఒక మేలుంది. ఆయన సొంత పేరు ‘ప’తో మొదలవుతుంది. కొత్తవాళ్ళెవరైనా పేరడిగితే పక్కనున్నవాళ్ళే అందుకుని “మా సాక్ష్యం అన్న” అనేవాళ్ళు. ఆ పూటకి గండం గడిచేది.

ఆయన అదే కాలేజీలో చదువుకున్నాడు. చిన్నప్పటి నుంచీ నత్తి. అన్ని అక్షరాలకీ కాదు, చిక్కంతా ‘ప’ దగ్గరే. హాజరు పిలిచినప్పుడు “ప్రెజెంట్ సార్” అనాలి. పెదాలు రెండూ జిగురు పెట్టినట్టు అతుక్కుపోయేవి, మెడ నరాలు ఉబ్బేవి. మాట బయటపడేలోగా లెక్చరర్ నాలుగు నంబర్లు దాటిపోయేవాడు. రోజూ ముందు బెంచీలో కూర్చుని కూడా నెలలో సగం రోజులు రానివాడి కిందే లెక్క. వెనక బెంచీల వాళ్ళు పెదాలు బిగించి ఆయన్ని అనుకరిస్తుంటే, తలొంచుకుని నోట్సు రాసుకునేవాడు.

సహవాసం గది లైబ్రరీ మేడమీద ఉండేది. నలభై కుర్చీలు, ఒక గిటారు, గోడకి కొట్టిన నల్లబల్ల. మొదటి ఏడాది ఒక సాయంత్రం వాన తగులుకుంటే తలదాచుకోవడానికి మెట్లెక్కాడు. అక్కడ పెద్దన్న ఉన్నాడు. బ్యాంకు ఉద్యోగం వదులుకుని విద్యార్థుల మధ్య సేవ చేయడానికి వచ్చిన మనిషి ఆయన. “నీ పేరేంటి తమ్ముడూ?” అని అడిగాడు. అడిగి ఊరుకోలేదు, ఆగాడు. మాట బయటికి రావడానికి ముప్పావు నిమిషం పట్టింది. గదిలో పదిహేనుమంది ఉన్నారు. ఒక్కరూ నవ్వలేదు, జాలిపడి మాట అందించనూ లేదు.

“మనకేం తొందర్లేదు,” అన్నాడు పెద్దన్న.

ఆ ఒక్క మాటకి ఆయన ఆ గదికి అతుక్కుపోయాడు. తర్వాత ఆయనకి జ్వరమొచ్చి వారం రోజులు మంచం దిగకపోతే ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని కూర్చున్నది వాళ్ళే. అమ్మ కంగారుగా పరిగెత్తుకొస్తే ఆడపిల్లలు తమ గదిలో చోటిచ్చి కన్నతల్లిలా చూసుకున్నారు. అన్నదమ్ములు లేని ఆయనకి ఒక్కసారిగా ఇంటినిండా తోబుట్టువులు దొరికినట్టయింది.

రెండో ఏడాది సెలవుల్లో మూడు రోజుల శిబిరం పెట్టారు. చివరి సాయంత్రం ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టి, అందరూ తలమీదా భుజాలమీదా చేతులుంచి ప్రార్థన చేశారు. తర్వాత కంఠతా వచ్చిన వాక్యభాగాన్ని అందరూ కలిసి చెప్పసాగారు. ఆయనా గొంతు కలిపాడు. ‘ప’ వచ్చింది, వెళ్ళింది. ఇంకోటి వచ్చింది, అదీ వెళ్ళింది. ముందు పక్కనున్నవాడు గమనించి నోరు మూశాడు. ఒక్కొక్కరే ఆగిపోయారు. చివరి రెండు వాక్యాలు ఆయనొక్కడి గొంతులో, నూనె పోసినట్టు సాగిపోయాయి. గది గదంతా ఏడ్చింది. ఆయనా ఏడ్చాడు. అందులో నటన ఇసుమంతైనా లేదు. నత్తి పోయిందనే నమ్మాడు.

పదకొండు రోజులు బాగానే ఉంది. పన్నెండో రోజు పోస్టాఫీసు కిటికీ దగ్గర “పార్సిల్” అనబోతే పెదాలు మళ్ళీ అతుక్కుపోయాయి.

వెంటనే పెద్దన్నకి చెబుదామని గదికి వెళ్ళాడు. కింద వ్యాను ఆగి ఉంది. పక్క కాలేజీలో ప్రార్థన కూటం, అందులో ఆయన తన నత్తి పోయిన సంగతి సాక్ష్యంగా చెప్పాలి. “ఇదిగో వచ్చాడు, ఎక్కు ఎక్కు,” అని చేయిపట్టి లాగారు. నత్తి పోయిందని అమ్మకి అప్పటికే ఉత్తరం వెళ్ళిపోయింది. అమ్మ దాన్ని మడతపెట్టి దిండుకింద దాచుకుంది. ఆ రోజు ‘ప’ లేని మాటలు ఏరుకుని ఎలాగో సాక్ష్యం చెప్పి బయటపడ్డాడు. ఈ ఒక్కసారికే కదా అనుకున్నాడు.

అక్కణ్ణించి పదమూడేళ్ళు గడిచాయి.

ఆ పదమూడేళ్ళలో ఆయన మాటలు దొడ్డిదారిన నడవడం నేర్చుకున్నాయి. ప్రార్థన చేద్దాం అనడు, వేడుకుందాం అంటాడు. పుస్తకం అనడు, గ్రంథం అంటాడు. కూటం పదిన్నరకైతే “తొమ్మిది దాటాక గంటన్నరకి” అంటాడు. ఎదుటివాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టుకుని నవ్వేవాళ్ళు. అన్న భాష ఎంత గ్రాంథికమో అని పిల్లలు మురిసిపోయేవాళ్ళు కూడా. సాక్ష్యాన్ని మాత్రం పాటలా బట్టీ పట్టాడు. ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా అదే రాగం, అదే దరువు. ఎక్కడ నిలబెట్టినా వచ్చేస్తుంది.

చదువయ్యాక ల్యాబులో ఉద్యోగం వేయించింది సహవాసంలోని ఒక లెక్చరరే. అద్దె ఇల్లు వెతికిపెట్టింది వాళ్ళే. పెళ్ళి కూడా ఆ గదిలో పాటలు పాడే అమ్మాయితోనే కుదిరింది. పెళ్ళయిన మూడో రోజు ఉదయం ఆమె వంటింట్లోంచి “పాలా, టీయా?” అని అడిగింది. ఏమరుపాటున పాలనబోయి ఇరుక్కుపోయాడు. ఆమె గుమ్మంలోకొచ్చి చూసింది. చాలాసేపు చూసింది. గ్లాసు తెచ్చి చేతికిచ్చి, “ఎవరికీ చెప్పనులెండి,” అంది. అప్పట్నుంచి ఇంట్లో ఫోనొస్తే ఆమే ఎత్తుతుంది.

పాప పుట్టినప్పుడు అందరూ ఇంటికొచ్చి పాటలు పాడారు. పెద్దన్న పసిదాన్ని చేతుల్లోకి తీసుకుని, ఎవర్నీ అడగకుండా, సంతోషం పట్టలేక తనే ఒక పేరు ప్రకటించేశాడు. చక్కటి పేరే. ‘ప’తో మొదలవుతుంది. ఆయన నవ్వు మొహం పెట్టుకుని నిలబడ్డాడు. పిల్లకి నాలుగేళ్ళొచ్చినా ఇప్పటికీ ‘అమ్మలూ’ అనే పిలుస్తాడు.

మూడేళ్ళ కిందట అమ్మ పోయింది. పోయేముందు వరసకి వదినయ్యే ఆవిడతో, “నా కొడుకు మాట బాగుపడింది, నాకింకేం దిగుల్లేదు,” అని చెప్పిందట. సహవాసం కుర్రాళ్ళే పెట్టె మోశారు.

ఈ ఏడాది జూలైలో మొదటి సంవత్సరం అమ్మాయి ఒకత్తె చేరింది. సన్నగా, చేతిసంచీని ఛాతీకి అదుముకుని తిరిగేది. ఆమెకీ నత్తే, ఆయనకన్నా ఎక్కువ. పెద్దన్న ఆ పిల్లని సరాసరి ల్యాబుకే తీసుకొచ్చాడు.

“అమ్మా, ఈ అన్నకీ నీలాగే ఉండేది. ఇప్పుడు చూడు. నువ్వు రోజూ వచ్చి ఈయనతో మాట్లాడు,” అని అప్పగించి వెళ్ళిపోయాడు.

గురువారాలు ఆమెకి ప్రాక్టికల్స్. మిగతావాళ్ళు వెళ్ళాక సామాను సర్దడంలో సాయం చేసేది. రెండు వారాలు ఆయన తన సాక్ష్యమే చెప్పాడు, అదే రాగంలో. ఆమె కళ్ళార్పకుండా వింది. మూడో వారం ఆయన పరీక్షనాళికలు కడుగుతూ, “ఆ ఊదారంగు సీసా ఇలా అందుకోమ్మా,” అన్నాడు.

ఆమె సీసా తీసి దానిమీద చీటీ చదివింది. కదల్లేదు.

“దీని పే... పేరు మీరెప్పుడూ అనరేం అన్నా?”

“ఏముంది, అందరికీ తెలిసిందేగా.”

“పొ... పొటాషియం పర్మాంగనేట్. మొ... మొన్న పి... పిపెట్‌ని గాజుగొట్టం అన్నారు.” ఆమె గొంతులో నిలదీయడం లేదు. ఒకే ఊరివాణ్ణి కొత్తచోట గుర్తుపట్టినట్టుంది. “నేను కూడా అలాగే మా... మార్చేసుకుంటాను. నాకు మార్చుకోవడానికి అక్షరాలు స... సరిపోవంతే.”

ఆయన కుళాయి కట్టేశాడు. చేతులు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

“శిబిరంలో మాట నిజంగానే వచ్చింది. అబద్ధం కాదు,” అన్నాడు చివరికి.

“వస్తుందన్నా. అ... అందరితో కలిసి చదివితే నాకూ రాదు నత్తి. పా... పాడితే కూడా రాదు. ఆ ధైర్యంతో కొ... కొన్నాళ్ళు తగ్గినట్టుంటుంది, మళ్ళీ వచ్చేస్తుంది. మాటలు నేర్పే డాక్టరమ్మ చెప్పింది. చా... చాలామందికి అంతేనట.”

ఆయన స్టూలు మీద కూర్చుండిపోయాడు. పదమూడేళ్ళుగా ఆ సాయంత్రాన్ని తిరగేసి మరగేసి చూసుకున్నాడు. తన విశ్వాసంలో ఎక్కడ వెలితి ఉంటే అది వెనక్కి వచ్చిందా అని వెతికి వెతికి అలిసిపోయాడు. ఇంత చిన్న సంగతని ఎవరూ చెప్పలేదు. అసలు ఎవర్నీ అడిగే వీలే లేకపోయింది.

“మ... మరి నాకెందుకు తగ్గలేదని సహవాసంలో అక్కలు రోజూ అడుగుతున్నారన్నా. ఏ పా... పాపం దాస్తున్నావని.” అంటూనే ఆమె సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ మాట ఆయన్ని కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు. శనివారం సాయంత్రం పెద్దన్న దగ్గరికి వెళ్ళాడు. పెద్దన్న గదిలో ఒక్కడే కూర్చుని వార్షిక కూటానికి పాటల కాగితాలు దొంతులు పెడుతున్నాడు. జుట్టు నెరిసింది, మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కడం కష్టంగా ఉంది, అయినా మానడు.

“అన్నా, నా నత్తి ఎక్కడికీ వెళ్ళలేదు. అలాగే ఉంది.”

పెద్దన్న తలెత్తాడు. “ఎన్నాళ్ళుగా?”

“మొదటి నుంచీ.”

“ఏం మాటలు తమ్ముడూ. ఇన్నేళ్ళుగా వింటున్నాను, ఒక్కసారి తడబడలేదు నువ్వు.”

“తడబడే మాటలు అనను గనక.”

“ఏదీ, ప్రార్థన అను చూద్దాం.”

ఆయన ఊపిరి తీసుకున్నాడు. “ప... ప... ప...” మాట రాలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెద్దన్న కుర్చీలోంచి లేచొచ్చి రెండు భుజాలూ పట్టుకున్నాడు. ఆయన కళ్ళు కూడా తడిశాయి.

“భయపడకు. ఇది శోధన, సైతాను పెట్టే పరీక్ష. కూటం దగ్గరపడే కొద్దీ ఇలాంటివి వస్తాయి. నీ సాక్ష్యం విని ఎంతమంది విశ్వాసంలో నిలబడ్డారు! అందుకే నీమీద పడింది. మేమంతా లేమా?”

ఉందని చూపిస్తే, ఇప్పుడే వచ్చిందంటున్నాడు.

ఇంటికెళ్ళేసరికి భార్య ఉతికిన బట్టలు మడత పెడుతోంది. “చెప్పారా?” అంది.

“చెప్పాను. నమ్మలేదు.”

ఆమె భుజాలు ఒక్క పిసరు కిందికి దిగాయి. “పోన్లెండి. మీ నత్తితో నాకేమైనా బాధుందా? కానీ ఇన్నేళ్ళ తర్వాత చెబితే అబద్ధమాడారంటారు. నన్నూ అంటారు. ఆడపిల్లల కూటం నడిపేది నేను. రేపు వాళ్ళ మొహం ఎలా చూడను?” చొక్కా కాలరు సరిచేస్తూ, “అత్తయ్య ఉంటే ఏమనుకునేదో,” అంది.

అయినా ఆయన నిశ్చయం మారలేదు. ఆదివారం ఉదయం ఆడిటోరియంలో మూడొందలమంది. ఆ పిల్ల నాలుగో వరుసలో చివర కూర్చుంది. మైకు చేతికిచ్చారు. బట్టీ పట్టిన మాటలు తోసుకొస్తుంటే ఆపుకున్నాడు. ‘నా నత్తి తగ్గలేదు’ అంటే సులువుగా అయిపోయేది. కానీ విననివాళ్ళకి వినపడాలని, కావాలనే కష్టమైన మాట ఎంచుకున్నాడు.

“నా నత్తి ప... ప... ప...”

‘పోలేదు’ అన్న మాట ఎంతకీ రాలేదు. హాలంతా బిగుసుకుపోయింది. ముందు వరుసలోంచి పెద్దన్న మోకాళ్ళు పట్టుకుని లేచాడు. ఆయన వెనక పదిమంది, ఆ వెనక భార్య. చుట్టూ చేరి చేతులుంచారు. ఎవరో శిబిరం నాటి వాక్యం ఎత్తుకున్నారు. మూడొందల గొంతులు కలిశాయి.

ఆయన నోరు బిగించి నిలబడ్డాడు. కలపకూడదు, కలిపితే అయిపోయింది. కానీ గొంతులో ఆ మాట ముల్లులా గుచ్చుకుని ఉంది. చుట్టూ ఉన్నవి పరాయి చేతులు కావు. జ్వరంలో తడిగుడ్డ వేసిన చేతులు, అమ్మని మోసిన చేతులు. భార్య గొంతు చెవి పక్కనే వణుకుతోంది. పెదాలు వాటంతటవే విడివడ్డాయి. చేతిలో మైకుంది. ‘ప’లన్నీ ఒకదాని వెనక ఒకటి, మంచినీళ్ళలా సాగిపోతూ హాలంతా వినపడ్డాయి. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పెద్దన్న ఆయన్ని గుండెకి హత్తుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ చేతుల మధ్యనుంచి చూస్తే నాలుగో వరుసలో చివరి కుర్చీ ఖాళీగా ఉంది.

గురువారం ఆమె ల్యాబుకొచ్చింది. అందరూ వెళ్ళేదాకా ఆగి, “నే... నేనింక కూటాలకి రానన్నా,” అంది.

“రా... రావొద్దులే,” అన్నాడాయన. తనకెప్పుడూ అడ్డురాని అక్షరం అది. ఎందుకో ఆ రోజు అదీ తట్టుకుంది. “నీలో లోటేం లేదమ్మా. అది మాత్రం ప... ప... పట్టించుకోకు.”

ఆమె ఎదురుచూసింది. మాట పూర్తయ్యేదాకా మొహం తిప్పుకోలేదు.

“మీరు కూడా మానేయొచ్చుగా?”

ఆయన కిటికీలోంచి లైబ్రరీ మేడ వైపు చూశాడు. పాపతో ఆడుకునే పిల్లలు ఆ గది వాళ్ళే. భార్యకి అక్కాచెల్లెళ్ళు వాళ్ళే. పండగైనా చావైనా తలుపు కొట్టేది వాళ్ళే. ఒకప్పుడు తన పేరు కోసం ముప్పావు నిమిషం ఆగిన మనుషులు వాళ్ళు.

“నావాళ్ళంతా అక్కడే ఉన్నారమ్మా,” అన్నాడు.

ఆమె తలూపి, ఆప్రాన్ మడతపెట్టి సంచీలో పెట్టుకుంది. ఆ మరుసటి నెల డిపార్టుమెంటు మారి పక్క బిల్డింగుకి వెళ్ళిపోయింది. దారిలో ఎదురైతే నిలబడి పలకరిస్తుంది. వచ్చే శిబిరంలో ఆయన్ని రెండు రోజులు మాట్లాడటానికి వేశారు. నత్తి నుంచి మొదటిసారి విడుదల పొందిన సాక్ష్యం మొదటి రోజు, రెండోసారిది చివరి రోజు. రెండోదాన్ని ఆయన ఇంకా బట్టీ పట్టాల్సి ఉంది.