ప్లగ్గు పీకిన కంప్యూటరు, పద్నాలుగు లేబుళ్లు

దయ్యం కథలు చెప్పిన చుట్టాన్ని మా నాన్న రెండోసారి గడప తొక్కనిచ్చేవారు కాదు. నేనూ ఆయన కొడుకునే. ఇది రాస్తున్నది నమ్మకం కలిగి కాదు, జరిగింది కాబట్టి.

మహేశ్వరం వైపు మాకు ఒకప్పుడు గడి ఉండేది. దొరల ఇంటిని మా దగ్గర గడి అంటారు. పొలాలు ప్లాట్లయ్యాయి, గడి కూలిపోయింది. 2012లో నేను శంషాబాద్ ఎయిర్‌పోర్టు పక్కన ఒక కార్గో గోదాములో కంప్యూటర్ల పని చూసేవాణ్ని.

విమానానికి వెళ్లే పెట్టెల్ని తూకం వేసి లేబుళ్లు తీసే ప్రోగ్రాము పాత విండోస్‌లో మాత్రమే నడిచేది. దాని మొరాయింపులన్నీ తెలిసినవాడు ఒక్కడే, రావిర్యాల నుంచి వచ్చే ఆపరేటరు యాదయ్య. నా ఈడువాడు. వాళ్ల నాన్న మా గడిలో జీతం ఉండేవాడు, అంటే పాలేరు.

కొత్త కంప్యూటరు వచ్చింది. కొత్త ప్రోగ్రాములకు లినక్స్ కావాలి, తూకానికి పాత విండోస్ కావాలి. ఒకే కంప్యూటరులో రెండూ నడపొచ్చు. ఒకటి హోస్టు, యంత్రం మీద నేరుగా ఉండేది. రెండోది గెస్టు, ఆ హోస్టు లోపల ఉండేది. హోస్టు ఆగితే గెస్టూ ఆగాల్సిందే. ఇందులో రెండో మాట లేదు.

రెండు రకాలుగానూ పెట్టి చూశాను. రెండూ బాగానే నడిచాయి. పాత విండోస్ హోస్టు అయితే దాన్ని కనిపెట్టుకుని ఉండటానికి యాదయ్య కావాలి. గెస్టు అయితే, అది మొరాయించినప్పుడు దాచిన నకలు తెరిస్తే చాలు. యాదయ్య అక్కర్లేదు. ఏది పెట్టాలో మేనేజరు నాకే వదిలేశారు.

ఆ సంగతి యాదయ్యకు తెలిసింది. లేబుళ్లు అంటించే బాలమణి పక్కనుండగానే వచ్చి అడిగాడు.

"అన్నా, పాతదాన్నే కింద ఉండనియ్యి. కొత్తదాన్ని దాని లోపల పెట్టు. నా నౌకరి నిలవడ్తది."

"అన్నా ఏంది, దొరా అను. పనైతది," అంది బాలమణి.

"గడే పాయె, ఇగ దొరేందే."

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. ఆ సాయంత్రమే లినక్స్‌ను హోస్టు చేసి దానికి 'గడి' అని పేరు పెట్టాను. లోపలి గెస్టుకు 'యాదయ్య' అని పెట్టాను. ప్రతి లేబులు కింద ఆ పేరే పడుతుంది.

మర్నాడు అతను తెర మీద చదువుకున్నాడు. "గిదేందన్నా, నా పేరు వెట్టినవ్?"

"నువ్వు పోయినా పని ఆగకూడదు కదా," అన్నాను.

నెలాఖరుకు అతన్ని తీసేశారు.

మూడు వారాల తర్వాత ఒక ఉదయం పది గంటలకు ఆ కంప్యూటరు డిస్కు పాడైంది. దాచిన నకలూ అందులోనే పోయింది. మధ్యాహ్నం విమానానికి పూల పెట్టెలు వస్తున్నాయి. "యాదయ్యకి ఫోన్ చేయండి. పాత కంప్యూటరు స్టోర్‌లో ఉందిగా, అతనే నడుపుతాడు. వస్తే మళ్లీ ఉద్యోగంలోకి తీసుకుందాం," అన్నారు మేనేజరు. నేనే ఫోన్ చేయాల్సి వచ్చింది. చేశాను.

నా గదిలోకి వెళ్లి, అక్కడున్న ఆ కంప్యూటరు ప్లగ్గు పీకి, డిస్కు ఊడదీసి బల్ల మీద పెట్టాను. కాటా నుంచి వచ్చే తీగ కూడా విడిగా వేలాడుతోంది. గదిలో నేను తప్ప ఎవరూ లేరు.

పదకొండున్నరకు బాలమణి తలుపు తట్టింది. చేతిలో లేబుళ్లు. "సార్, యాదన్న లోపలికొచ్చిండా? మిషిన్ల నుంచి ఇవి వస్తున్నయి."

పద్నాలుగు లేబుళ్లు. అన్నీ అప్పుడే లారీ దిగిన పెట్టెలవి, కాబట్టి ప్రింటరులో పాతవి మిగిలి ఉండి వచ్చాయనడానికి లేదు. నాలుగు పెట్టెల్ని కాటా మీద నేనే మళ్లీ పెట్టించాను. గ్రాము తేడా లేదు. అడుగున 'యాదయ్య' అని ఉంది. పరుగున స్టోర్‌కి వెళ్లాను. పాత కంప్యూటరు అట్టపెట్టెలోనే, టేపు వేసినట్టే ఉంది.

మేనేజరు లేబుళ్లు చూశారు. "నడుస్తోంది కదండీ. ఇంక అతనెందుకు? పంపించేయండి."

ప్లగ్గు పీకి ఉందని ఆ గోదాములో నాకొక్కడికే తెలుసు. ఆ ఒక్క మాట చెబితే యాదయ్య లోపలికి వచ్చేవాడు. చెప్పలేదు.

గేటు బయట ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉన్నాడు. పాసు కోసం పావుగంటగా నిలబెట్టారట.

"పనైపోయింది, వెళ్లు," అన్నాను.

"ఎవలు చేసిండ్రన్నా?"

ఒక లేబులు చేతికిచ్చాను. అడుగున పేరు చదివాడు. "నన్ను లోపలికే రానియ్యకపోతిరి," అన్నాడు. దాన్ని మడిచి నాకే తిరిగిచ్చి, రోడ్డు దాటి బస్సు కోసం నిలబడ్డాడు.

దయ్యం అందామంటే చచ్చినవాళ్లెవరూ లేరు. ఎవరో ఆకతాయితనం చేశారందామంటే, అట్టపెట్టెలో ఉన్నది తప్ప ఆ ప్రోగ్రాము నడిచే యంత్రం ఇంకొకటి అక్కడ లేదు. తెలిసిన ఇద్దరు ఇంజనీర్లను అడిగాను. ఇద్దరూ నేనే ఏదో మరిచిపోయి ఉంటానన్నారు. నేనేదీ మరిచిపోలేదు. అదెలా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను. చెప్పగలిగిన ఆ ఒక్క మాట మేనేజరుకు ఈనాటికీ చెప్పలేదు.