పసుపు గొంతు పిచ్చుక తగాదా

పక్కింటి జువాలజీ సారు పోయారని మంగళవారం పాలవాడు చెప్పాడు. నాచారంలో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. అయినా కబురు పాలవాడి నోట వినాల్సివచ్చింది. ఆరేళ్లుగా మాకు మాటల్లేవు. నేను గుంటూరువాణ్ణి, ఆయన జనగామ మనిషి. మాది రాష్ట్రం తగాదా అనుకుంది కాలనీ. రాష్ట్రం వచ్చింది, మాటలు మాత్రం కలవలేదు. మాది పిచ్చుక తగాదా.

గోడ మీదుగా నాకు పిట్టల్ని చూడటం నేర్పింది ఆయనే. ఒక ఏప్రిల్ పొద్దున మా పెరటి వేపచెట్టు ఎండుకొమ్మ మీద పిచ్చుకలాంటిదొకటి వాలింది. గొంతు మీద పసుపు మచ్చ. రెప్పపాటులో ఎగిరిపోయింది. గేటు దగ్గర నలుగురితో నిలబడ్డ సారు దగ్గరికి పరుగెత్తాను. ముక్కు ఏ రంగు, భుజం ఏ రంగు, వీపు మీద చారలున్నాయా అని అడిగారు. నాకు గొంతొక్కటే గుర్తుంది.

"ఇంట్ల పసుపు గిట్ల ఆరబోసిన్రా?"

ఆరబోశాం. మా ఆవిడ మరపట్టించిన పసుపును చాప మీద పోసింది.

"గంతే. ఊరపిచ్చుక పసుపుల పొర్లింది, ఈయనకు కొత్త పిట్ట దొరికింది" అని నలుగురినీ నవ్వించారు.

మర్నాటి నుంచి వీధిలో నా పేరు పసుపు పిచ్చుక. ఆయన్ను చూస్తేనే ఒళ్లు మండేది. "సూడనిది ఉన్నదనొద్దు, లేదని అసలే అనొద్దు" అని నాకు నేర్పిన మనిషి, నా దగ్గరికొచ్చేసరికి ఆ మాట మరిచారు.

నిరుడు ఆ ఎండుకొమ్మ కొట్టిస్తుంటే గోడవతల ఆయన తల కనిపించింది.

"జర ఆగున్రి. ఆ కొమ్మ ఉండనియ్యున్రి."

ఐదేళ్లకు మొదటి మాట. "నా చెట్టు, నా ఇష్టం" అని, మొదలుకంటా నరకమన్నాను. ఆయన తల గోడ వెనక్కి దిగిపోయింది. ఆ పూట ఒక ముద్ద ఎక్కువే తిన్నాను.

మంగళవారం చూడటానికి వెళ్తే, ఆయన భార్య నన్ను మిద్దె మీదికి తీసుకెళ్లింది. అక్కడొక ప్లాస్టిక్ కుర్చీ, మా పెరటివైపు తిరిగి ఉంది.

"ఎండకాలమంత పొద్దున్నె ఈడనే కూసునేటోడు. మీరు జెప్పిన పిట్ట ఉన్నదట, చెట్టు తొర్రల గూడు పెడతదట. మీ ఎండుకొమ్మకు తొర్ర ఉండె గద. సూడకుండనే లేదన్న, ఒక్కపారి కండ్ల సూసి, పోయి తప్పయిందని చెప్త అంటుండె."

"చూశారా?"

"లే. కొమ్మ కొట్టినంక గూడ కూసునుడు మానలే."

నాకిప్పటికీ ఆయన మీద కోపమే. పిట్ట వచ్చేదాకా ఆగడమెందుకు, గోడ దగ్గరికొచ్చి ఒక్క మాట అంటే సరిపోయేది. నేనూ అనలేదు.

ఆ కుర్చీలో కాసేపు కూర్చున్నాను. ఎదురుగా మా వేపచెట్టు, దాని మీద గొడ్డలి నరికిన చోటు.