పైకి రాని మరుగుజ్జు

ఇవాళ మధ్యాహ్నం బంగారు గనుల ఊరు ఊరిగాంలో నా స్నేహితుడు డేవిడ్ ఇంట్లో ఇద్దరం కంప్యూటర్ ఆటలో మునిగిపోయాం. మా మరుగుజ్జు వీరుడు నిధి కోసం పాతాళపు గనిలోకి దిగాడు. డేవిడ్ వాళ్ళమ్మ అన్నానికి పిలిచేసరికి వాణ్ణి అక్కడే వదిలి, సేవ్ చేసి లేచాం. ఇలాంటి కథలు రాయడంలో నా అభిమాన రచయిత గొప్పా, డేవిడ్ అభిమాన రచయిత్రి గొప్పా అని పోట్లాడుకుంటూ కూర్చున్నాం. వాళ్ళమ్మ మాకు వడ్డించింది కానీ తను పళ్ళెం పెట్టుకోలేదు.

"ఆ పొట్టోడు ఇంగా లోపలే ఉండాడు కదప్పా? పైకి తెచ్చినాక ఆపకూడదా?"

"అది ఆట మా!" అన్నాడు డేవిడ్.

"ఆటే కానీ. మీ నాయన గనిలోకి షిఫ్టుకు దిగితే, పైకొచ్చేదాకా నేను ఎప్పుడన్నా ముద్ద ముట్టినానా? మీరు తినండి."

ఇంకేం తింటాం! మళ్ళీ కంప్యూటర్ ముందుకే పరుగెత్తాం. గని ద్వారం దగ్గర నిప్పులు కక్కే మృగం ఒకటి కూర్చుంది. వెళ్ళిన ప్రతిసారీ మావాణ్ణి బూడిద చేస్తోంది.

"వచ్చినాడా?" అని వంటింట్లోంచి కేక.

"వస్తా ఉండాడు మా!" అని ఇద్దరం కలిసి అబద్ధం.

పొద్దు గుంకింది. మా అభిమాన రచయితలిద్దరూ గనిలోకి దిగడం గురించి పేజీలకు పేజీలు రాశారు. పైకి రావడం మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఈ ఆట ఆడినవాళ్ళెవరైనా ఉంటే ఆ మృగాన్ని దాటే దారి చెప్పండి. ఆవిడ ఇంకా అన్నం తినలేదు.