సారు అభిప్రాయం, నా దస్తూరి

ఆదోనిలో ఇప్పుడు బజ్జీలు తెల్ల కాగితంలో కట్టిస్తున్నారు. తింటూ చదవడానికేమీ ఉండటం లేదు. మొన్న మాత్రం పాత చరిత్ర పుస్తకం పేజీ దొరికింది.

ఎమ్మిగనూరులో నా తొమ్మిదో తరగతి గుర్తొచ్చింది. ఆ పుస్తకం ఎలా ఉందో చెప్పమని సోషల్ సారుకు పైనుంచి ఫారం వచ్చింది. హెడ్మాస్టరు చూశాకే పెన్నుతో దిద్దడం మా బడి పద్ధతి. సారు పెన్సిల్‌తో "పుస్తకం నిండా ఢిల్లీయే. ఆదోని కోట ఊసే లేదు. బాగోలేదు" అని రాసి, ఇచ్చి రమ్మని నన్ను పంపారు.

పుస్తకాన్ని తిడితే సారును ఎక్కడో మూలనున్న హాలహర్వికి బదిలీ చేస్తారని హడలిపోయాను. బదిలీలు పుస్తకాలను బట్టి జరగవని తర్వాతెప్పుడో తెలిసింది. వరండాలోనే అంతా చెరిపి "చాలా బాగుంది" అని రాశాను. హెడ్మాస్టరు మురిసిపోయి ఫారం తిప్పి పంపారు.

సారు నా దస్తూరి పట్టేశారు.

"మిమ్మల్ని బదిలీ చేస్తారని, సార్..."

"అంత బాగుండే పుస్తకంలో నీకు ఏడు మార్కులే ఎట్ల వచ్చినాయి పాపా?"